రెక్కల మీది కామాలు: ఒక ఫాంటు ప్రాజెక్టు డైరీ

శనివారం

పని ఇది. కీబోర్డు మీద కామా నొక్కితే తెర మీద సీతాకోకచిలుక రెక్క మీద ఉండే కామా పడాలి. ప్రశ్నార్థకం నొక్కితే ఆ పేరే ఉన్న ఇంకో సీతాకోకచిలుక మచ్చ రావాలి. విరామచిహ్నాల పేర్లున్న పురుగులన్నిటినీ ఏరి, వాటి ఒంటి మీది గుర్తులతో ఒక ఫాంటు చెయ్యాలి. అక్షరాలు మామూలు తెలుగు అక్షరాలే. వాటి మధ్య వచ్చే గుర్తులు మాత్రం పురుగులవి.

సరదాగానే మొదలుపెట్టాను గానీ లోపల ఒక పంతం కూడా ఉంది. ఈ పేర్లు పెట్టినవాళ్ళు పురుగును చేతిలో పట్టుకునో, పిన్నుకు గుచ్చిన నమూనా మీద భూతద్దం పెట్టో చూశారు. అంత దగ్గర్నించి చూస్తే ఏ మచ్చలోనైనా ఏదో ఒక పోలిక కనిపిస్తుంది. అదే మచ్చను 12 పాయింట్లకు కుదించి రెండు మాటల మధ్య కూర్చోబెడితే, చదివేవాళ్ళు ఆగాల్సిన చోట ఆగుతారా? ఆగితే ఆ పేరు నిలబడ్డట్టే. ఆగకపోతే పేరు పెట్టినవాళ్ళ ఊహకు ఓ దణ్ణం పెట్టి పక్కన పెట్టేస్తాను.

ముందు ఎవరిని లోపలికి రానివ్వాలో తేలాలి. అక్షరాల పేర్లున్నవి వద్దు. సిల్వర్ వై అనే మాత్, హీబ్రూ క్యారెక్టర్ అనే మాత్, రెండూ చక్కటి గుర్తులున్న రాత్రి పురుగులే గానీ అవి అక్షరమాల బాపతు. శాస్త్రీయ నామంలో మాత్రమే చిహ్నం ఉంటే చాలదు, ఏదో ఒక భాషలో జనం పిలుచుకునే పేరులోనూ ఉండాలి. ఈ నియమంతో కోలన్ పోయింది. కోలన్ అనే పెంకుపురుగుల ప్రజాతి ఒకటుంది, కానీ అది లాటిన్ చీటీ దాటి బయటికి రాలేదు. డాట్ మాత్ కూడా వద్దు. నల్లటి రెక్క మీద తెల్లటి మచ్చ బాగానే కనిపిస్తుంది గానీ, చుక్క అంటే చుక్కే, అది వాక్యం ముగించే చుక్క అని ఎవరూ అనలేదు.

మిగిలినవాళ్ళలో మొదటిది కామా సీతాకోకచిలుక, పాలిగోనియా సి-ఆల్బమ్. 1758లో, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దీని కింది రెక్క అడుగున తెల్లటి సి అక్షరం చూశాడు, ఇంగ్లీషువాళ్ళు అదే మచ్చలో కామా చూశారు. లినేయస్ లెక్కన నా నియమం ప్రకారం ఇది బయటికి పోవాలి, ఇంగ్లీషువాళ్ళ లెక్కన లోపలికి రావాలి. ఇది లేకపోతే ప్రాజెక్టే లేదు కాబట్టి ఇంగ్లీషువాళ్ళ మాటే నెగ్గింది.

ఆదివారం

రోజంతా ఫొటోల వేట. ఇక్కడ అందం కంటే లైసెన్సు ముఖ్యం. ఫొటో మీద గీసిన గీత ఆ ఫొటో నుంచి పుట్టినదే అవుతుంది. రేపు ఈ ఫాంటును ఎవరైనా అమ్మే పుస్తకంలో వాడుకుంటే, వ్యాపారానికి వాడకూడదని షరతున్న ఫొటో నుంచి గీసిన కామా వాళ్ళకు తలనొప్పి తెస్తుంది. జీవుల ఫొటోలు పంచుకునే సైటు ఐనాచురలిస్ట్‌లో ఏమీ మార్చకుండా వదిలేస్తే ఫొటోకు పడే లైసెన్సు సరిగ్గా ఆ షరతున్నదే. అందుకని అక్కడి గొప్ప గొప్ప ఫొటోలు చూసి కళ్ళతోనే దణ్ణం పెట్టుకుని, హక్కులన్నీ వదిలేసినవీ, పేరు చెబితే చాలన్నవీ మాత్రమే దించుకున్నాను. లోటు పడినచోట బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలోని పాత రంగుల పలకలు ఆదుకున్నాయి. 19వ శతాబ్దపు చిత్రకారులు రెక్క అడుగుభాగాన్ని విడిగా, నిటారుగా వేసేవారు. ట్రేసింగుకు అంతకంటే ఏం కావాలి!

ఆ పలకలు తిరగేస్తుంటే ఒక సంగతి తగిలింది. ఇప్పుడు పాలిగోనియా అంటున్న ఈ సీతాకోకచిలుకల్ని అప్పట్లో చాలామంది గ్రాప్టా అనేవారు. గ్రీకులో ఆ మాటకు అర్థం, రాసినది అని. పాలిగోనియా అంటే మూలలు ఎక్కువున్నది. రెక్కల అంచులు చిరిగిన కాగితంలా ఉంటాయి కదా, ఆ పేరు అందుకే. పాలిగోనియా 1819 నాటిది, గ్రాప్టా ఆ తర్వాత వచ్చింది. ముందొచ్చిన పేరుకే హక్కు అన్నది జంతునామాల నియమం కాబట్టి రాత ఓడి మూలలు గెలిచాయి. నాకైతే గ్రాప్టానే నచ్చింది. ఫాంటుకు ఆ పేరే పెట్టేస్తున్నాను.

సోమవారం రాత్రి

కామా మొదలైంది. ఇంక్‌స్కేప్‌లో ఫొటో తెరిచి మచ్చను బాగా దగ్గరికి లాక్కున్నాను. దూరం నుంచి నున్నగా, ఒక్క కలం పోటుతో గీసినట్టు ఉన్న ఆ తెల్ల వంపు దగ్గర్లో అసలు గీతే కాదు. రెక్క నిండా పొలుసులు వరసలు కట్టి, ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కి ఉంటాయి. ఒక్కోటి పొడవులో మిల్లీమీటరుకు పదోవంతు. తెల్ల పొలుసుల వరస ఎక్కడ ఆగి గోధుమరంగు పొలుసులు మొదలవుతాయో అదే మచ్చ అంచు. అందుకే అంచు మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒకచోట ఓ తెల్ల పొలుసు గోధుమరంగులోకి ఒంటరిగా దూరింది. ఇంకోచోట పొలుసు రాలిపోయి, కింద రెక్క పొర పలచగా బయటపడింది. ముసలి సీతాకోకచిలుక కాబోలు.

సాఫ్ట్‌వేర్ చేత తనంతట తాను ట్రేస్ చేయిస్తే ఆ మెట్లన్నీ నమ్మకంగా ఎక్కించి, కామా అంచు నిండా బిందువులు గుచ్చి పెట్టింది. అవేవీ ఉంచుకోనక్కర్లేదు. లెక్క వేస్తే తెలుస్తుంది: నా ఫాంటులో ఒక ఎమ్‌కు, అంటే అక్షరం సైజంత కొలతకు, 1000 యూనిట్లు. 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు వేసే ప్రింటరులో 12 పాయింట్ల ఎమ్ (అంగుళంలో ఆరోవంతు) అంటే 100 చుక్కలు. అంటే ఒక్కో చుక్క 10 యూనిట్లు. అంతకంటే సన్నటి వంకర ఏదీ కాగితం మీదికి రాదు. కాబట్టి చేత్తోనే, తక్కువ బిందువులతో, బెజియర్ వంపులతో మళ్ళీ గీశాను. ఒంటరిగా దూరిన ఆ ఒక్క పొలుసును మాత్రం వదల్లేదు. పోస్టరు సైజులో కనిపిస్తుంది, ఉండనీ.

ఏ రుతువులో తీసిన ఫొటో అన్నది కూడా లెక్కలోకి వచ్చింది. ఈ కామాలో రెండు రకాలు పుడతాయి. గొంగళి దశలో పగళ్ళు పెరుగుతూ ఉంటే లేతరంగు రెక్కలవి వస్తాయి, అవి వెంటనే జతకట్టి గుడ్లు పెడతాయి. పగళ్ళు తగ్గుతూ ఉంటే ముదురు రంగువి వస్తాయి, అవి రెక్కలు ముడుచుకుని చలికాలమంతా అలాగే గడుపుతాయి. లేతరంగు రకాన్ని హచిన్‌సొనీ అంటారు, ఇంగ్లండులోని హెరెఫర్డ్‌షైర్‌లో వీటిని ఏళ్ళ తరబడి పెంచి గమనించిన ఎమ్మా హచిన్‌సన్ (1820–1906) పేరు మీద. అప్పట్లో బ్రిటన్‌లో ఈ జాతి వేగంగా తగ్గిపోయి, వేల్స్ సరిహద్దు జిల్లాలకు పరిమితమైంది. బీరుకు చేదునిచ్చే హాప్స్ తీగ దీని గొంగళికి ఇష్టమైన మేత. కోత అయ్యాక తీగల్ని తగలబెట్టేవారు, వాటితోపాటు గొంగళ్ళూ ప్యూపాలూ పోయేవి. 1920ల తర్వాత మెల్లగా కోలుకుని ఇప్పుడు ఆ దేశంలో దాదాపు అన్నిచోట్లా కనిపిస్తోంది. నా పనికి మాత్రం ముదురు రకమే మేలు. అడుగు నల్లబడితేనే తెల్ల మచ్చ అంచు తేటగా తెలుస్తుంది.

మంగళవారం

మచ్చ దొరికింది, కామా కాలేదు. రెక్క మీది వంపుకు రెండు కొసలూ ఒకే లావు. అచ్చు కామాకు తల బరువు, తోక సన్నం. 12 పాయింట్లలో చూస్తే ఇది కామాలా కాక పక్కకు ఒరిగిన నెలవంకలా ఉంది.

అప్పుడు దాని అమెరికా చుట్టాలు గుర్తొచ్చాయి. ఈస్టర్న్ కామా మచ్చ రెండు కొసల్లోనూ ఉబ్బి ఉంటుంది. గ్రే కామాది రెండు కొసల్లోనూ సన్నబడుతుంది. అక్కడి పురుగుల పరిశీలకులు ఒక్కలాగే ఉండే ఈ రెంటినీ వేరు చేసేది ముఖ్యంగా ఈ కొసలు చూసే. రెండూ గీసి పక్కపక్కన పెట్టాను. ఉబ్బిన కొసలది చదవడానికి గట్టిగా నిలబడింది. సన్నటిది కాగితం మీద వెంట్రుక పడినట్టుంది, చేత్తో దులపబోయాను కూడా. చివరికి అసలు కామా సి-ఆల్బమ్‌దే, కొద్దిగా తిప్పి. ఈస్టర్న్ కామాను ప్రత్యామ్నాయ గ్లిఫ్‌గా (ఫాంటులో ఒక్కో గుర్తు బొమ్మను గ్లిఫ్ అంటారు) పెట్టి, వరసగా కామాలు వస్తే ఒకటి విడిచి ఒకటి మారేలా రూలు రాశాను. ఓపెన్‌టైప్ అనే ఫాంటు ఫార్మాట్‌లో సందర్భాన్ని బట్టి గ్లిఫ్ మార్చే సదుపాయం ఇలాంటి వాటికే ఉంది. పెద్ద జాబితాలో ఈ మార్పు బాగా కనిపిస్తుంది. ఏ రెండు పురుగులూ అచ్చుగుద్దినట్టు ఉండవు కదా, ఫాంటులో మాత్రం ఎందుకుండాలి?

ఈస్టర్న్ కామాకు ఇంకో పేరు హాప్ మర్చంట్. దాని ప్యూపా మీద లోహంలా మెరిసే చుక్కలుంటాయి. బంగారు రంగులో ఉంటే ఆ ఏడు హాప్స్‌కు మంచి ధర, వెండి రంగులో ఉంటే ధర పడిపోతుందని రైతులు చెప్పుకునేవారట. ఫాంటుకు సంబంధం లేదు గానీ రాయకుండా ఉండలేకపోయాను.

బుధవారం

ఇవాళంతా వత్తులతో కుస్తీ.

నా ఫాంటులో విరామచిహ్నాలు మాత్రమే ఉన్నాయి, అక్షరాలు ఇంకో తెలుగు ఫాంటు నుంచి వస్తున్నాయి. వెబ్ పేజీలో ఇది తేలికే. ఈ గుర్తులకు ఈ ఫాంటు, మిగతావాటికి ఆ ఫాంటు అని చెబితే సరిపోతుంది. కానీ తెలుగులో కామాకు ముందు ఏ అక్షరం వస్తుందో చెప్పలేం. ‘ఇల్లు,’ అన్నప్పుడు ల వత్తు, ‘పద్మ,’ అన్నప్పుడు మ వత్తు గీత కిందికి దిగి, సరిగ్గా కామా తోక దిగే చోటే కూర్చుంటాయి. మామూలు కామా సన్నది, ఎలాగో తప్పించుకుంటుంది. సీతాకోకచిలుక కామా కడుపు పెద్దది. వత్తుకు ఢీకొట్టి రెండూ కలిసి కొత్త అక్షరంలా తయారయ్యాయి. ‘పద్మ,’ ఫొటో తీసి టైపోగ్రఫీ తెలిసిన స్నేహితుడికి పంపితే వెంటనే జవాబొచ్చింది: “ఇది కామా కాదురా, జలగ. పద్మ కాలికి పట్టింది.”

కెర్నింగుతో జరుపుదామంటే కుదరదు. రెండు గ్లిఫ్‌ల మధ్య దూరం సర్దడం ఒకే ఫాంటు లోపలే సాధ్యం. అక్షరం ఒక ఫాంటుది, కామా ఇంకో ఫాంటుది అయితే ఆ రెంటికీ మాటల్లేవు. కామా ఎడమ పక్క ఖాళీ పెంచితే ‘ఇల్లు,’ బాగుపడుతుంది గానీ ‘అది,’ దగ్గర కామా అనాథలా దూరంగా పోతుంది.

కాబట్టి విడి ఫాంటు ఆలోచన కట్టిపెట్టాను. ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చిన ఒక తెలుగు ఫాంటు తీసుకుని, అందులోని విరామచిహ్నాల స్థానంలో ఇవి ఎక్కిస్తున్నాను. ఆ లైసెన్సు మార్పులకు ఒప్పుకుంటుంది. అసలు ఫాంటు పేరును రిజర్వ్ చేసి ఉంటే మార్చిన ఫాంటుకు ఆ పేరు వాడకూడదు, మార్చినదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి, అంతే. గ్రాప్టా అనే పేరు ముందే సిద్ధంగా ఉంది. ఫాంట్‌ఫోర్జ్‌లో వత్తులున్న అక్షరాలన్నిటినీ ఒక తరగతిగా కట్టి, ఆ తరగతి తర్వాత కామా వస్తే కుడికి జరగమని రాశాను. ‘పద్మ,’ కాలు వదిలింది.

గురువారం

ప్రశ్నార్థకం. 1798లో ఫాబ్రీసియస్ పేరు పెట్టిన పాలిగోనియా ఇంటెరోగేషనిస్. ఉత్తర అమెరికాది, కామా కంటే కాస్త పెద్దది. దీని కింది రెక్క అడుగున వెండి వంపు, దాని పక్కనే విడిగా ఒక వెండి చుక్క. ఆ చుక్క ఉంటే ప్రశ్నార్థకం, లేకపోతే కామా. రెండు జాతులకు మధ్య జనం చెప్పుకునే గుర్తు అదే.

పూలంటే దీనికి పెద్దగా మోజు లేదు. చెట్టు బెరడు నుంచి కారే రసం, కుళ్ళిన పళ్ళు, పేడ, చచ్చిన జంతువులు, ఇవీ దీని విందు. అవేవీ దొరక్కపోతేనే పూల మొహం చూస్తుంది. దీనిలోనూ రెండు రుతువుల రకాలున్నాయి. ఎండాకాలం రకానికి వెనక రెక్కలు పైన దాదాపు నల్లగా ఉంటాయి. చలికాలం రకానికి అవి నారింజ రంగులో, తోకలు కాస్త పొడుగ్గా. ఒకప్పుడు ఈ రెంటినీ వేరు వేరు జాతులనుకునేవారు. 19వ శతాబ్దంలో విలియం హెన్రీ ఎడ్వర్డ్స్ గుడ్ల నుంచి పెంచి చూసి, ఒకే తల్లి బిడ్డలని తేల్చాడు.

గీస్తుంటే ఇందులో ఉన్న మెలిక బయటపడింది. సీతాకోకచిలుకకు కుడి ఎడమలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. ఒక రెక్క మీద మనం చదివే ప్రశ్నార్థకం ఉంటే రెండో రెక్క మీద తిరగబడ్డ ప్రశ్నార్థకం ఉంటుంది. తిరగబడ్డది వృథా ఏమీ కాదు. ఉర్దూలో, అరబ్బీలో రాసే ప్రశ్నార్థకం సరిగ్గా అదే! ప్రతి గుర్తుకూ ఒక నంబరిచ్చే ప్రమాణం యూనికోడ్‌లో దానికి విడి స్థానం ఉంది, 1567. మనది 63. కాబట్టి ఎడమ రెక్కది ఒక చోటికీ కుడి రెక్కది ఇంకో చోటికీ వెళ్ళాయి. ఎడమ నుంచి కుడికి రాసేవాళ్ళకు ఒక రెక్క, కుడి నుంచి ఎడమకు రాసేవాళ్ళకు ఒక రెక్క. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన గ్లిఫ్‌ల జత ఇదే. ఉర్దూ కామా కూడా చేద్దామని చూశాను, స్థానం 1548. దానికి అద్దం సరిపోదు, తలకిందులు చెయ్యాలి. రెక్కల మీద తలకిందులుగా ఉండే కామా ఏదీ లేదు. దాన్ని వదిలేశాను.

చదవడం సంగతి: వంపుకూ చుక్కకూ మధ్య ఖాళీ తప్ప మిగతాదంతా బాగుంది. రెక్క మీది నిష్పత్తిలోనే ఉంచితే 12 పాయింట్లలో ఆ ఖాళీ పూడిపోయి గుర్తు లావుపాటి కామా అవుతోంది. ఖాళీని 60 యూనిట్లకు పెంచాను. పురుగుకు ఇది అన్యాయమే గానీ చదివేవాళ్ళకు న్యాయం.

బోల్డ్ రకానికి వేరే అభ్యర్థి దొరికింది, దక్షిణ భారతపు బొద్దింక. థెరియా ఒలెగ్రాంజియానీ, పురుగుల్ని పెంచుకునేవాళ్ళు క్వశ్చన్ మార్క్ కాక్‌రోచ్ అంటారు. నల్లటి ఒంటి మీద తెల్లటి గుర్తులు. దీని దగ్గరి చుట్టమైన డామినో బొద్దింక మీద ఏడు తెల్ల చుక్కలుంటాయి. రసాయనం చిమ్మే ఆంథియా అనే పెంకుపురుగును అది అనుకరిస్తుందంటారు. నలుపు మీద తెలుపు కాబట్టి దీన్ని గ్లిఫ్ చెయ్యాలంటే చుట్టూ నల్ల దిమ్మె ఉంచి మధ్యలో గుర్తు చెక్కాలి. పేరాలో ఇబ్బందే గానీ శీర్షికలో దర్జాగా ఉంది.

శుక్రవారం

డాష్‌లు. ఇవి ఇంత తేలిగ్గా అయిపోతాయనుకోలేదు. ఉత్తర అమెరికా స్కిప్పర్లు, చిన్నగా, బొద్దుగా, విసురుగా ఎగిరే సీతాకోకచిలుకలు. వాటిలో లాంగ్ డాష్, బ్లాక్ డాష్, బ్రోకెన్ డాష్ అనే పేర్లున్నాయి. ముందు రెక్క మీద ఒక నల్ల గీత, అంతే. లాంగ్ డాష్‌కు ఆ గీత పక్కనున్న ముదురు మచ్చతో కలిసిపోయి పొడుగ్గా కనిపిస్తుంది. బ్రోకెన్ డాష్‌కు మధ్యలో తెగి రెండు ముక్కలుగా ఉంటుంది. లాంగ్ డాష్ పొడుగు డాష్ స్థానమైన 8212లోకి వెళ్ళింది, అక్కడే ఉండాల్సినదానిలా. బ్లాక్ డాష్ పొట్టి డాష్ స్థానమైన 8211లోకి. బ్రోకెన్ డాష్‌ను హైఫన్‌కు ఇచ్చాను, పంక్తి చివర తెగిన మాటకు తెగిన గీత.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ గీత మగవాటికే. అందులోని ప్రత్యేక పొలుసులు ఆడవాటిని ఆకర్షించే వాసనను వెదజల్లుతాయి. ఆడ లాంగ్ డాష్‌కు డాషే లేదు, పేరు మాత్రం మోస్తుంది. హెస్పీరియా కామా అనే ఇంకో స్కిప్పర్‌ది కూడా ఇదే కథ. 1758లో లినేయస్ దాని మగ గీతలో కామా చూశాడు, డచ్చివాళ్ళు దాన్నే కామా సీతాకోకచిలుక అంటారు. నల్ల గీత మధ్యలో సన్నటి వెండి చార ఉంటుంది, చూడముచ్చటగా. కానీ చిన్నచేస్తే చార మాయమై ఏటవాలు గీత మిగిలింది. కామా అని రాసి ఉన్నా చదివితే స్లాష్. ఈ పేరు పరీక్ష తప్పింది.

శనివారం

ఆశ్చర్యార్థకానికి ముగ్గురు పోటీ.

ఒకటి అగ్రోటిస్ ఎక్స్‌క్లమేషనిస్. ఇంగ్లీషువాళ్ళు హార్ట్ అండ్ డార్ట్ అంటారు, ఫ్రెంచి, జర్మన్ పేర్లు మాత్రం నేరుగా ఆశ్చర్యార్థకమే. మాత్‌ల ముందు రెక్క మీద మామూలుగా ఉండే మూడు మచ్చల్లో ఇక్కడ మూత్రపిండం ఆకారపుది హృదయంలా, పొడుగుది బాణంలా ముదురుతాయి. ఎంత తిప్పినా, ఎంత సాగదీసినా నాకందులో ఆశ్చర్యం కనబడలేదు. హృదయమూ బాణమూ అన్న ఇంగ్లీషువాళ్ళ చూపే నిజాయితీగా ఉంది. దీని గొంగళి మొక్క మొదళ్ళు కొరికే బాపతు, నేలలోనే చలికాలం గడుపుతుంది. ఆశ్చర్యం తోటమాలికే కలుగుతుంది కాబోలు.

రెండోది పొద్దుతిరుగుడు పెంకుపురుగు, జైగోగ్రామా ఎక్స్‌క్లమేషనిస్. రెక్కపెంకు పక్కన ఒక చార, దాని చివర విడిగా ఒక చుక్క. అచ్చు ఆశ్చర్యార్థకం. కానీ ఆ మాట శాస్త్రీయ నామంలోనే ఉంది, పిలుపులో లేదు. నియమం పెట్టుకున్నందుకు మొదటిసారి బాధ కలిగింది.

మూడోది కాలిఫోర్నియాలో మాత్రమే ఉండే సన్నపాటి తూనీగ, ఎక్స్‌క్లమేషన్ డామ్‌సెల్. దాని ప్రజాతిలో అదొక్కటే జాతి. మగదాని వీపు మీద భుజం దగ్గరి లేతరంగు గీత ఒకచోట తెగి, కింద చుక్క, పైన గీత మిగులుతాయి. రెండు భుజాలకూ రెండు. గీసి, కుదించి, పేరాలో పెట్టి చూశాను. ‘వస్తావా, రావా? చెప్పు!’ అని రాస్తే కామా, ప్రశ్న, ఆశ్చర్యం మూడూ మూడు పురుగులవి, ఎవరూ తడబడలేదు. 33వ స్థానం ఈ తూనీగదే.

ఆదివారం

బ్రాకెట్లకు పోటీయే లేదు. హిప్పోడామియా పెరెంథిసిస్ అనే అక్షింతల పురుగు, 1824లో థామస్ సే పేరు పెట్టాడు. ఇంగ్లీషులో పిలుపు కూడా పెరెంథిసిస్ లేడీ బీటిల్. రెండు రెక్కపెంకుల వెనక భాగంలో ఒక్కో వంపు, రెండూ కలిస్తే జత. ప్రశ్నార్థకానికి తలనొప్పి తెచ్చిన ఎడమ కుడి అద్దం ఇక్కడ పనిని సగం చేసింది. ఒకటి గీస్తే రెండోది దానంతట అదే వచ్చింది. కాకపోతే పురుగు వంపు కురచ, తెలుగు అక్షరం గుడులూ వత్తులతో పైకీ కిందికీ బారెడు. బ్రాకెట్లను నిలువునా సాగదీయక తప్పలేదు.

కొటేషన్లు ఎక్కడ దొరుకుతాయని చూస్తుంటే జర్మన్‌వాళ్ళ కామా పొలుసు పురుగు గుర్తొచ్చింది. లెపిడోసాఫెస్ అల్మీ, ఆపిల్ లాంటి చెట్ల బెరడుకు అతుక్కుని రసం పీల్చే పురుగు. పైనుంచి చూస్తే సుమారు 3 మిల్లీమీటర్ల గోధుమరంగు చిప్ప మాత్రమే కనిపిస్తుంది. ఒక కొస సన్నం, రెండో కొస వెడల్పు, మధ్యలో చిన్న వంకర. సన్నటి కొసన ఉన్నది అది పిల్లప్పుడు విడిచిన చర్మం. దాని వెనక రెండో చర్మం, మిగతా అంతా మైనం. ఆకురాలు కాలంలో తల్లి ఆ చిప్ప కిందే గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. చిప్ప మాత్రం చలికాలమంతా గుడ్ల మీద మూతలా ఉంటుంది. ఇన్ని పురుగుల్లో అచ్చు కామాకు అన్నిటికంటే దగ్గరి ఆకారం దీనిదే, తల బరువు, తోక సన్నం. మచ్చ కూడా కాదు, పురుగంతా కామాయే. సి-ఆల్బమ్‌ను దించి దీన్ని కామా చేద్దామా అని చాలాసేపు ఊగిసలాడాను. చివరికి పైకెత్తి కొటేషన్ గుర్తులుగా పెట్టాను. ఎవరి మాటనైనా చెప్పేటప్పుడు ఇక ఈ చిప్పల మధ్యే.

సోమవారం

అచ్చు తీసి చూశాను. మామూలు పేరా ఒకటి, ఫాంటు మారినట్టు చెప్పకుండా, చదవమని ఇంట్లోవాళ్ళకు ఇచ్చాను. కామాలు, డాష్‌లు, బ్రాకెట్ల దగ్గర ఎవరి కన్నూ ఆగలేదు. ప్రశ్నార్థకం దగ్గర ఒకరు కాగితాన్ని దగ్గరికి తెచ్చుకున్నారు. కొటేషన్ల దగ్గర “సిరా కారిందా?” అన్నారు. నేల మీద పరుచుకునేంత పెద్ద సైజులో తీస్తే మాత్రం అందరూ పురుగుల్నే చూశారు, పేరా ఎవరూ చదవలేదు.

సెమికోలన్ ఇంకా మిగిలింది. ఆ పేరుతో పిలిచే పురుగు ఏ భాషలోనూ నా కంట పడలేదు. ప్రశ్నార్థకం చుక్కను కామా నెత్తిన పెట్టి అతికిస్తే 59వ స్థానం నిండుతుంది, చూడ్డానికి లోటేమీ ఉండదు. కానీ లేని పురుగును నేను పుట్టించను. అక్కడ అసలు ఫాంటులోని సెమికోలనే ఉంది, కోలన్, పూర్ణవిరామం కూడా అంతే. తర్వాతి పని బోల్డ్‌కు మిగతా గ్లిఫ్‌లను లావు చెయ్యడం, వత్తుల తరగతిలోకి మూడు హల్లుల సంయుక్తాక్షరాల్ని చేర్చడం. ‘శాస్త్రి,’ దగ్గర కామా ఇంకా తగులుతోంది.